మొదట చన్నీళ్ళు: పొందూరు బట్ట మీద పాలమూరు ఉన్ని

(జాతీయ చేనేత దినోత్సవం నాడు శ్రీకాకుళంలో ఒక ఉన్ని కళాకారిణి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇవాళ ఆగస్టు 7. 1905లో ఇదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది, అందుకని 2015 నుంచి ఈ రోజును చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇలాంటి రోజున మాట్లాడమని నన్ను పిలిచారు. ముందే చెప్పేస్తున్నాను, నేను నేసేదాన్ని కాదు. మా ఇంట్లో మగ్గం లేదు. నేను చేసే బట్టకు నిలువు దారం పడుగు లేదు, అడ్డదారం పేక లేదు. పడుగూ పేకా లేకుండా బట్టేమిటి అని మీలో సగం మంది అనుకుంటున్నారు కదా? ఇదిగో ఈ ముక్క మీ చేతికిస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చూసి పంపించండి. చూడ్డమే కాదు, పట్టుకుని లాగండి. గట్టిగా లాగండమ్మా, పర్వాలేదు, చిరగదు.

దీన్ని ఫెల్ట్ అంటారు. మనకు ఈ మాట కొత్త కావచ్చు గాని పని కొత్త కాదు. చిన్నపిల్లకి నాలుగు రోజులు తల దువ్వకపోతే ఏమవుతుంది? జుట్టు అట్టకడుతుంది. ఆ అట్టకట్టడమే ఫెల్ట్. ఇంట్లో ఎవరైనా ఉన్ని స్వెటర్ని వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళు పెట్టి తిప్పారా? పెద్దవాళ్ళ స్వెటర్ చంటిపిల్లకి సరిపోయేంత అయి వస్తుంది. అదీ ఇదే. మనం పొరపాటున చేసేదాన్ని నేను కావాలని చేస్తాను, అంతే.

ఎలా అవుతుందో కొంచెం చెబుతాను, తర్వాత చెప్పేదానికి ఇది కావాలి. ఉన్ని పోగు మీద చేపకున్నట్టు పొలుసులుంటాయి. కంటికి కనబడవు. వేడినీళ్ళు, సబ్బు తగిలితే ఆ పొలుసులు విచ్చుకుంటాయి. అప్పుడు అరచేత్తో రుద్దితే ఒక పోగు ఇంకో పోగు మధ్యకి పాక్కుంటూ పోతుంది. ముందుకే పోతుంది, వెనక్కి రాలేదు. ఎందుకు రాలేదు? పొలుసు అడ్డుపడుతుంది. అలా వేల పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నేసిన బట్టనైతే ఓపికుంటే దారం దారం విప్పుకోవచ్చు. దీన్ని మాత్రం ఎవరూ విప్పలేరు, చేసిన నేను కూడా విప్పలేను. పత్తికి ఆ పొలుసు లేదు, అందుకని పత్తి ఎంత రుద్దినా అట్టకట్టదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇది చాలా పాత పని. సైబీరియాలో అల్తాయ్ కొండల్లో పాజిరిక్ అనే చోట మంచులో గడ్డకట్టిన సమాధులు తవ్వితే, రెండువేల ఏళ్ళు దాటిన ఫెల్ట్ బట్టలు రంగులతో సహా దొరికాయి. కిర్గిజ్ వాళ్ళు ఇప్పటికీ ఫెల్ట్ తివాచీలు చేస్తారు, 2012లో యునెస్కో వాటిని వెంటనే కాపాడుకోవాల్సిన కళల జాబితాలో పెట్టింది. మన దేశంలో కాశ్మీర్‌లో, కచ్‌లో, రాజస్థాన్ టోంక్‌లో దీన్ని నమ్దా అంటారు. నేను నేర్చుకున్నది కచ్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళ దగ్గర. హైదరాబాదులో, పది రోజులు. పెళ్ళికి ముందు.

నాది పాలమూరు. మహబూబ్‌నగర్ జిల్లా అనండి. మా ఊరు ఇప్పుడు నారాయణపేట జిల్లాలోకి వెళ్ళింది. మేం కురుమలం. మా ఇళ్ళల్లో నల్లగొర్రెలు ఉండేవి, దక్కనీ గొర్రెలంటారు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. మగవాళ్ళు కత్తిరిస్తే ఆడవాళ్ళు వడుకుతారు. చింతగింజలు ఉడికించి గంజి కాచి పడుగుకు పట్టిస్తారు. ఆ గంజి వాసన, దానికింద ఉన్ని వాసన, ఆ రెండూ కలిస్తే నాకు మా ఇల్లు. గుంటమగ్గం మీద గొంగడి నేస్తారు. మీరు గొంగళి అంటారు. గొర్లకాపరికి అదే చలికి దుప్పటి, వానకు గొడుగు, ఎండలో నీడ, రాత్రి పరుపు. మా అవ్వ నాకు పెళ్ళికి పెట్టిన వస్తువుల్లో ఒక నల్ల గొంగడి ఉంది. అవ్వ వడికిన ఉన్నే అది. బంగారం తక్కువే పెట్టారు గాని గొంగడి మాత్రం పెట్టారు.

ఇప్పుడు మా దగ్గర ఆ ఉన్నికి ధర లేదు. అందరూ మాంసం కోసం ఎర్రగొర్రెల్ని పెంచుతున్నారు. నల్లగొర్రె ఉన్నవాళ్ళు కూడా కత్తిరించినవాళ్ళకి ఎదురు డబ్బులిచ్చి, ఆ ఉన్నిని చేను గట్టున పారేస్తున్నారు. అది చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఈ సంగతి ఇవాళ ఎంత చెప్పినా తరగదు, వదిలేస్తాను.

2012లో మా ఆయన ఉద్యోగం రైల్వేలో ఇటు వచ్చింది. రైలు దిగితే బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంది. అందరూ ఆమదాలవలస అంటున్నారు. మొదటి రోజే నాకా పేరు చెవిలో పడిపోయింది. వలస! మా పాలమూరులో వలస అంటే ఊరు ఖాళీ కావడం. బొంబాయి బస్సు ఎక్కడం. ఇక్కడేమో వలస అంటే ఊరు పేరు. ఆమదాలవలస, అటు విజయనగరం దాటితే కొత్తవలస, ఇంకా చిన్న చిన్న వలసలు ఎన్నో. ఎవరో ఎక్కడినుంచో వచ్చి నాలుగిళ్ళు వేసుకుంటే అదే ఊరైపోయిందన్నమాట. అవునా కాదా? మళ్ళీ మీ జిల్లా నుంచి హైదరాబాదుకీ చెన్నైకీ గుజరాత్ రేవులకీ పనికోసం వెళ్ళేవాళ్ళు ఎంతమందో. అందుకే పక్కింటి అప్ప నన్ను చూసి అడిగింది, "అందరూ ఇక్కణ్ణుంచి ఎల్తారు గాని, నువ్వేటమ్మా ఇటొచ్చీసినావు?" అని. ఆ ప్రశ్నకు రెండేళ్ళు నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్ళకి ఇంకోటి జరిగింది. 2014 జూన్ 2. నేను అదే క్వార్టర్స్‌లో, అదే వంటగదిలో ఉన్నాను, ఎక్కడికీ కదల్లేదు. తెల్లారేసరికి వేరే రాష్ట్రం మనిషినైపోయాను. ఎవరూ నన్నొక్క మాట అనలేదు, నిజం చెప్పాలి. కానీ నాకే నోరు తగ్గింది. దుకాణానికి పోతే 'ఏంది' అనబోయి ఆగిపోయేదాన్ని. 'ఏటి' అనడం రాదు, 'ఏంది' అనడానికి జంకు. మధ్యలో వేలు పెట్టి చూపించి కొనుక్కునేదాన్ని. మీలో పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఆడవాళ్ళకి ఇది తెలుస్తుంది.

అప్పుడనుకున్నాను, చేతులకైనా పని పెడదామని. ఉన్ని కావాలి. నాగావళి ఒడ్డున గొర్రెల మంద కనబడితే పరిగెత్తాను. కాపరి నన్ను వింతగా చూశాడు. "ఈటికి ఉన్నేటమ్మా? ఇవి కోతకి పెంచే గొర్రెలు" అన్నాడు. చెయ్యేసి చూశాను. మేక ఒంటి మీదలా నున్నగా, పొట్టిగా వెంట్రుక. కోస్తా గొర్రెకి ఉన్ని ఉండదు, ఈ వేడికి ఈ ఉక్కకి ఆ జీవానికి ఉన్ని అక్కర్లేదు. తెలుసు నాకు, చదువుకున్నాను కూడా. అయినా ఆయన్ని బతిమాలి గుప్పెడు వెంట్రుక కత్తిరించి తెచ్చుకున్నాను. పెరట్లో కూర్చుని రెండు గంటలు సబ్బునీళ్ళతో రుద్దాను. ఏమైంది? ఏమీ కాలేదు. చేయి ఎత్తితే ఏ పోగుకా పోగు విడిపోయి నీళ్ళలో తేలింది. ఆ రోజు సబ్బుబిళ్ళ విసిరేసి లోపలికి పోయాను. నాలుగేళ్ళు మళ్ళీ ఆ పని ముట్టలేదు. గొంగడి ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఒక మూల పురుగు కూడా పట్టింది.

ఇప్పుడు తిత్లీ తుఫాను సంగతి చెప్పాలి. మీకు నేను చెప్పేదేముంది, మీరు పడ్డారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం తోటల్లో కొబ్బరి, జీడి, చెట్టన్నది నిలబడలేదు. మా ఆయన స్నేహితులు బియ్యం, కొవ్వొత్తులు, నీళ్ళు వేసుకుని మందస వైపు బయల్దేరితే నేనూ ఎక్కాను. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మూటకట్టాను. ఆ మూటలో గొంగడి కూడా పెట్టేశాను. ఆలోచించి పెట్టలేదు, చేతికి వచ్చింది, పెట్టాను.

ఒక ఇంట్లో కప్పు మొత్తం లేచిపోయింది. మూల గోడకి ఆనుకుని ఒక ముసలాయన, తడిసిన పంచెతో వణుకుతున్నాడు. పైన ఇంకా జల్లు పడుతూనే ఉంది. అప్పటికి మిగతా దుప్పట్లు అయిపోయాయి. గొంగడి తీసి కప్పాను. ఉన్నికి ఒక గుణం ఉంది, తడిసినా వెచ్చదనం పోదు. నూలు దుప్పటి తడిస్తే ఒంటిని ఇంకా చల్లబరుస్తుంది, గొంగడి అలా కాదు. ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు. దాని అంచు మాత్రం గడ్డం కిందికి లాక్కున్నాడు. మా తాత మందలో పడుకునేముందు సరిగ్గా అలాగే లాక్కునేవాడు.

ఇంటికి వచ్చాక ఏడ్చాను, అబద్ధం ఎందుకు. మా అవ్వ చేతి పని అది. కానీ వెళ్ళి అడగలేం కదా, అడగాలని కూడా అనిపించలేదు.

మూడు నెలలు పోయాయి. సంక్రాంతి తర్వాత ఒక రోజు ఆ ముసలాయన కోడలు, ఇంకొకామె, వెతుక్కుంటూ మా క్వార్టర్స్‌కి వచ్చారు. సంచిలో గొంగడి, దానితో నాలుగు కొబ్బరికాయలు. కొబ్బరి పోయిన ఊరి నుంచి నాలుగు కొబ్బరికాయలు, ఆలోచించండి. ఆవిడ గొంగడి తీసి నా చేతిలో పెట్టి తలదించుకుంది. "మాకు తెల్దమ్మా. మురికయిపోనాదని ఉడుకునీళ్ళు పోసి, సర్ఫేసి, బండ మీద బాదినాం. సిన్నదైపోనాది. ఏటనుకోకమ్మా" అంది.

ఇదిగో, ఈ బల్ల మీద పెట్టాను చూడండి. ఇదే ఆ గొంగడి. దాదాపు మూడో వంతు తగ్గింది. నేత కనబడుతోందా? వెతికినా కనబడదు. పడుగూ పేకా అట్టకట్టి ఏకమైపోయాయి. ఎంత మందంగా ఉందో, ఎంత గట్టిగా ఉందో చూడండి. వేడినీళ్ళు, సబ్బు, బాదడం. నేను పది రోజులు కూర్చుని నేర్చుకున్న పనంతా ఆ ఇద్దరూ ఎవరూ నేర్పకుండానే చేసేశారు. పురుగు కొట్టిన మూల కూడా పూడిపోయింది. వాళ్ళేమో తప్పుచేసినట్టు నిలబడ్డారు. నేను వాళ్ళ చేతులు పట్టుకుని నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. మా అవ్వ వడికింది, మా ఊళ్ళో నేశారు, ఉద్దానంలో అట్టకట్టించారు. ఇది ఇప్పుడు పాలమూరుదా, శ్రీకాకుళందా? మీరే చెప్పండి. విప్పి చూడ్డానికి లేదు కదా.

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోన్ చేశాను. చేను గట్టున పారేస్తున్న ఉన్ని బస్తాకెత్తి రైల్లో వేయరా అన్నాను. వాడు అనుకున్నాడు అక్కకి ఏదో అయిందని.

బస్తాలు వచ్చాయి. కడగడానికి సీతంపేట సంత కుంకుడుకాయలు. సీతంపేట అప్పుడు ఈ జిల్లాలోనే ఉండేది, 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది, చూశారా, ఊళ్ళు కూడా కూర్చున్నచోటే జిల్లాలు మారతాయి. రంగుకి జాఫ్రా గింజలు, నారింజ రంగు ఇస్తాయి. కరక్కాయ, తుప్పుపట్టిన ఇనుము కలిపితే బూడిద రంగు, ఇంకా ముదిరితే నలుపు. నల్ల ఉన్ని మీద రంగు కనబడదు గనక తెల్లమచ్చల ఉన్ని ఏరి పక్కన పెట్టుకుంటాను. ఆసనాలు, సంచులు చేశాను. బాగానే ఉన్నాయి. కానీ బరువు. ఈ ఉక్కలో ఎవరు వేసుకుంటారు ఉన్ని? నేనున్న చోటుకి పనికివచ్చేది చేయాలి కదా.

దూసి దాటితే పొందూరు. ప్యాసింజర్ ఎక్కితే ఎంతసేపు? పొందూరు ఖద్దరు గురించి, గాంధీగారు కొడుకు దేవదాసును పంపించి చూసి రమ్మన్న సంగతి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ బయటినుంచి వచ్చినదాన్ని ఏం చూశానో చెబుతాను. ఒక మామ్మ అరుగు మీద కూర్చుని, చేప దవడతో పత్తి దువ్వుతోంది. వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళు, ఆ పళ్ళ మధ్య నుంచి కొండపత్తి పోగులు వరసగా సాగుతున్నాయి, నలుసు కిందికి రాలుతోంది. వడకడానికి చుట్టిన దూది ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో దాచుకుంటుంది, చెయ్యి మాసిపోకుండా. పక్కన ఇరవై నాలుగు ఆకుల రాట్నం, ఒకే కదురు. అందులోంచి నూరో నంబరు దాటిన సన్నటి నూలు వస్తుంది. నేను చెప్పులు విడిచి ఆ అరుగు కింద కూర్చుండిపోయాను. మా అవ్వ కూడా ఇలాగే కాలు చాపుకుని కూర్చునేది. పదార్థం వేరు, కాలు చాపడం అదే.

నా సంచిలోంచి గొర్రెపిల్ల ఉన్ని కొంచెం తీసి చూపించాను. మొదటి కత్తిరింపు ఉన్ని, మెత్తగా ఉంటుంది. మామ్మ దాన్ని రెండు వేళ్ళతో లాగి చూసి, నేను అడక్కుండానే దవడతో దువ్వింది. ముళ్ళు, మట్టి జలజలా రాలాయి. ముదురు ఉన్ని ఇస్తే మాత్రం వద్దంది, పళ్ళు విరిగిపోతాయట. తర్వాత నేను ఆ ఉన్నినే నీళ్ళలో రుద్ది చిన్న ముక్క చేసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, "మగ్గం నేదు, కదురు నేదు, ఇదేటి గుడ్డమ్మా? పిసుకుడు గుడ్డ!" అంది. అప్పట్నుంచి పొందూరులో నేను పిసుకుడు గుడ్డ అమ్మాయిని. ఫెల్ట్‌కి ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు ఇంకా దొరకలేదు.

మామ్మే ఒక ఖద్దరు ముక్క ఇచ్చింది. గాలి ఆడేంత పల్చటి బట్ట. నాకు ఆలోచన వచ్చింది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో పాలీ స్టిర్లింగ్ అనే ఆవిడ పల్చటి బట్ట మీద ఉన్ని పరిచి రెండూ కలిపే పద్ధతి ఒకటి తెచ్చారు. నూనో ఫెల్ట్ అంటారు, నూనో అంటే జపనీస్‌లో బట్ట. ఇందాక చెప్పాను కదా, పత్తి అట్టకట్టదని. పత్తి కట్టదు, కానీ పల్చగా ఉంటే ఉన్నికి దారి ఇస్తుంది. ఉన్ని పోగు దారాల మధ్య సందుల్లోంచి అవతలికి దూరి, అక్కడ ఇంకో పోగును పట్టుకుంటుంది. దారం మధ్యలో ఉండిపోతుంది.

మొదటిసారి ఏం చేశానంటే, ఆత్రం. సలసల కాగిన నీళ్ళు పోసి, గట్టిగా రుద్దేశాను. అరగంటలో ఉన్ని చక్కగా అట్టకట్టింది. సంతోషంగా ఎత్తి చూస్తే ఉన్ని అంతా ఒక అట్టలా ఊడి వచ్చేసింది. కింద పొందూరు బట్ట తడిగా, ఖాళీగా మిగిలింది. ఎందుకలా అయింది? వేడికి, తొందరకి ఉన్ని పోగులు ముందు వాటిలో అవే పట్టేసుకున్నాయి. బట్టలోకి దూరే తీరిక ఇవ్వలేదు నేను. దీనికి మొదట చన్నీళ్ళు పోయాలి. సబ్బు కొంచెమే. ఉన్ని పల్చగా, కింద బట్ట కనబడేంత పల్చగా పరచాలి. అరచెయ్యి బరువు కూడా వేయకుండా నిమరాలి. పది నిమిషాలు కాదు, గంట. బట్ట తిరగేసి చూస్తే వెనకవైపు నూనూగు మీసంలా సన్నటి పోగులు కనబడతాయి. వాటిని చూశాకే చాపలో చుట్టి దొర్లించాలి, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు. ఇంగ్లీషులో ఆ పోగులు అవతలికి దూరడాన్ని ఏమంటారో తెలుసా? వలస అనే అంటారు. పోగు వలస పోయింది అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆమదాలవలస స్టేషన్, 'ఏంది' అనలేక వేలు పెట్టి చూపించిన దుకాణం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

చివరికి వేడి తగిలాక ఉన్ని కుంచించుకుంటుంది. బట్ట కుంచించుకోదు, కానీ ఉన్ని లాగేసరికి అలలు అలలుగా ముడతలు పడుతుంది. ఇదిగో, ఈ ముక్క అదే. తేలిగ్గా ఉంది కదా? మాఘమాసం చలికి భుజం మీద వేసుకోవచ్చు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. ఒక ఆఫీసుకి వెళ్ళాను, మేళాలో చిన్న చోటు ఇమ్మని. మగ్గం ఫొటో పెట్టమన్నారు. మగ్గం లేదన్నాను. అయితే చేనేత కాదు పొమ్మన్నారు. రూలు ప్రకారం వాళ్ళు చెప్పింది తప్పు కాకపోవచ్చు. కానీ ఇది ఏ కాలమ్‌లో రాయాలో ఎవరూ చెప్పలేదు. నాలుగుసార్లు తిరిగాను. నేనైతే దీన్ని పొందూరు ఖద్దరు అని ఎప్పుడూ అమ్మను. ఆ పేరు ఆ వడికే ఆడవాళ్ళది. అందులో ఉన్ని కలిపాక ఆ పేరు వాడితే వాళ్ళ నోటి దగ్గర కూడు లాగినట్టే. బట్టను వాళ్ళు చెప్పిన ధరకే కొంటాను, బేరమాడను. వడికేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే, వాళ్ళ పిల్లలు ఇంకో పనికి వెళ్ళిపోతున్నారు. మా గొర్ల సంగతీ ఇదే. రెండు చోట్లా ఒకే జబ్బు, అందుకే నాకు ఇంత ఆరాటం.

ఇంక మాటలు చాలు. బయట వరండాలో నాలుగు బకెట్లు, చాపలు పెట్టించాను. ఉన్ని ఏకి పెట్టింది ఉంది, పొందూరు బట్ట ముక్కలు ఉన్నాయి, మనిషికొకటి వస్తుంది. గాజులు తీసి పక్కన పెట్టుకోండి. ముందు వరసలో ఉన్న మామ్మగారూ, మీరు మొదలుపెట్టండి, ఆ మెట్టు దగ్గర కొంచెం జాగ్రత్త. బకెట్‌లో నీళ్ళు చల్లగా ఉన్నాయేంటని అడక్కండి. వేణ్ణీళ్ళు లోపల స్టవ్ మీద కాగుతున్నాయి, గంట తర్వాత తెస్తాను.